హెర్నియా ఆపరేషన్ తర్వాత నొప్పికి నరాల బ్లాక్: కిడ్నీ వీక్‌గా ఉన్న నాన్నగారికి వేయించవచ్చా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 64 ఏళ్లు. కుడి గజ్జలో హెర్నియా. దగ్గితే ఉబ్బు పైకొస్తుంది, పడుకుంటే లోపలికి పోతుంది. వచ్చే వారం మెష్ (వలలాంటి పట్టీ) వేసి ఆపరేషన్ చేస్తామన్నారు. ఆపరేషన్ గురించి మాకు పెద్ద బెంగ లేదు. టెన్షన్ అంతా ఆ తర్వాత వచ్చే నొప్పి గురించే.

మా అసలు ఊరు కవిటి దగ్గర. నాన్నగారు ఉద్యోగానికని పర్లాకిమిడి వచ్చి ఇక్కడే ఉండిపోయారు గానీ, పుట్టి పెరిగింది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలోనే. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.8 ఉంది, అంటే ఎక్కువే. మా పెదనాన్నగారు డయాలసిస్ మీద ఉండగానే పోయారు. అప్పటి నుంచి మా ఇంట్లో నొప్పి మాత్ర అంటేనే భయం. సర్జన్ గారు కూడా, 'ఈయనకి మామూలు పెయిన్ కిల్లర్లు రాయలేను, మత్తు డాక్టరుతో చెప్పి నరాల బ్లాక్ వేయిద్దాం, అంటే నొప్పి తెలిపే నరాల దగ్గర మొద్దుబార్చే ఇంజెక్షన్' అన్నారు. అమ్మేమో నరానికి ఇంజెక్షన్ అంటే కాలు పడిపోతుందేమో అని రెండు రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదు. ఎవరైనా వేయించుకున్నవాళ్లు ఉంటే చెప్పండి. దయచేసి తొందరగా.

జీడితోట (పలాస)

తమ్ముడూ, మా బావగారికి వేశారు. స్పైనల్ (వెన్నులో మత్తు ఇంజెక్షన్) ఇచ్చి ఆపరేషన్ చేసి, టేబుల్ మీదే పొట్ట పక్కన ఇంకో ఇంజెక్షన్ ఇచ్చారు. ఆ రాత్రి బాగా నిద్రపోయాడు. కాలికేమీ కాలేదు. అమ్మగారిని భోజనం చెయ్యమని చెప్పు.

గుణుపురం పెద్దాయన

నాకు హెర్నియా చేసి చాలా ఏళ్లయింది. అప్పుడు ఈ బ్లాకులూ గీకులూ లేవు. మాత్రలు వేసుకున్నాను, వారం తిరక్కుండా మార్కెట్‌కి నడిచి వెళ్లాను. అవసరం లేని సూది ఒంట్లోకి ఎందుకు అని నా అభిప్రాయం. పెద్దవాళ్లని ఎక్కువ సూదులతో హింస పెట్టకూడదు.

మత్తు డాక్టరు (బరంపురం)

నేను అనస్థీషియా డాక్టరుని. కొంచెం వివరంగా రాస్తాను.

పెద్దాయన గారూ, మీ కిడ్నీలు బాగున్నాయి కాబట్టి మీకు మాత్రలు సరిపోయాయి. వీళ్ల నాన్నగారి సంగతి వేరు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, కెటోరోలాక్ లాంటి మందులు కిడ్నీకి రక్తం తీసుకెళ్లే నాళాన్ని తెరిచి ఉంచే ప్రోస్టాగ్లాండిన్లను తగ్గిస్తాయి. ఆరోగ్యమైన కిడ్నీ రెండు మూడు రోజులకి తట్టుకుంటుంది. క్రియాటినిన్ ఇప్పటికే పెరిగినవాళ్లలో ఆ కాస్త తేడాకే కిడ్నీ దెబ్బతినవచ్చు. బీపీకి టెల్మిసార్టన్ లేదా రామిప్రిల్, దాంతోపాటు నీరు పోయే మాత్ర వాడుతుంటే ప్రమాదం ఇంకా ఎక్కువ. ట్రమడాల్ ఇవ్వచ్చు గానీ డోసు తగ్గించి ఇవ్వాలి. పైగా దానితో వాంతులు, మలబద్ధకం. హెర్నియా కుట్టినవాడు ముక్కకూడదు కదా.

బ్లాక్ విలువ అక్కడే. గజ్జ దగ్గర చర్మానికీ కండరాలకీ స్పర్శనిచ్చేవి ముఖ్యంగా ఇలియోఇంగ్వైనల్, ఇలియోహైపోగాస్ట్రిక్ అనే రెండు నరాలు. రెండూ నడుములోని మొదటి నరం నుంచి బయల్దేరి, పొట్ట గోడలోని కండరాల పొరల మధ్యగా ముందుకి వస్తాయి. మేం సూదిని నరంలోకి గుచ్చం. తుంటి ఎముక ముందు మొన ఉంటుంది చూడండి, బెల్టు కట్టుకునే చోట చేతికి తగిలేది, దాని పక్కన అల్ట్రాసౌండ్ ప్రోబ్ పెడతాం. తెరమీద మూడు కండరాలు ఒకదాని కింద ఒకటి బూడిద రంగు పట్టీల్లా కనిపిస్తాయి, మధ్యలో తెల్లటి గీతలు. సూది మొన లోపలి రెండు పొరల మధ్యకి చేరాక మందు కొంచెం ఎక్కిస్తే ఆ రెండూ విడిపోయి మధ్యలో నల్లగా కన్ను ఆకారం విచ్చుకుంటుంది. అది కనిపిస్తే సరైన చోట ఉన్నట్టు. కనిపించకుండా కండరమే ఉబ్బితే సూది సర్దుకుంటాం.

ట్యాప్ బ్లాక్ అని ఇంకోటి వింటారు. అదీ అదే పొరలో, ఇంకొంచెం పక్కకి వేస్తారు. 2001లో రఫీ అనే డాక్టరు వర్ణించిన పద్ధతి. ఒక్క గజ్జ హెర్నియాకే అయితే నేను మొదటిదానికే మొగ్గుతాను, ఎందుకంటే అది కోత పడే చోటుకి సూటిగా పనిచేస్తుంది. హెర్నియాకి నరాల దగ్గర మందు ఇవ్వడం కొత్త సంగతేమీ కాదు. 1900లోనే హార్వీ కుషింగ్ అమెరికాలో కొకైన్‌తో ఈ నరాలని మొద్దుబార్చి హెర్నియా ఆపరేషన్లు చేసి ప్రచురించాడు. ఇప్పుడు మందులు మారాయి, కంటికి కనిపించేలా చేసే మిషన్ వచ్చింది, అంతే.

ఇక అమ్మగారి భయం గురించి. కొద్దిమందిలో మందు కిందికి జారి తొడ ముందు వైపు నరాన్ని తాకుతుంది. అప్పుడు మోకాలు కొన్ని గంటలపాటు వదులైపోతుంది. మందు దిగగానే కాలు మామూలే. ఆ గంటల్లో ఒంటరిగా లేచి పడిపోకుండా చూసుకోవడమే ముఖ్యం. శాశ్వతంగా నరం దెబ్బతినడం చాలా చాలా అరుదు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

డాక్టరు గారూ, చాలా థాంక్స్. ఇది అమ్మకి చదివి వినిపించాను. మందు మోతాదు గురించి ఒక్క మాట చెప్పగలరా? ఆ మందు కిడ్నీకి మంచిదేనా? నాన్నగారు సుమారు 60 కిలోలు ఉంటారు.

మత్తు డాక్టరు (బరంపురం)

సాధారణంగా వాడేవి బుపివకెయిన్, రోపివకెయిన్. వీటిని విడగొట్టేది లివరు. అందుకే కిడ్నీ వీక్‌గా ఉన్నవాళ్లకి కూడా మోతాదులో ఉంటే ఇబ్బంది లేదు. మోతాదు మాత్రం లెక్కపెట్టాల్సిందే. బుపివకెయిన్ కిలోకి 2 మిల్లీగ్రాములు దాటకుండా చూస్తాం. 60 కిలోలకి 120 మిల్లీగ్రాములు. 0.25 శాతం మందు ఒక ఎంఎల్‌లో 2.5 మిల్లీగ్రాములు ఉంటుంది. బ్లాక్‌కి 20 ఎంఎల్ వేస్తే 50 మిల్లీగ్రాములు. హద్దుకి చాలా కిందే ఉన్నాం. అయితే సర్జన్ కోత దగ్గర కూడా అదే మందు ఎక్కిస్తారు చాలామంది. రెండూ కలిపి లెక్క చూడాలి. ఈ ఒక్క విషయం ఆపరేషన్‌కి ముందే ఇద్దరు డాక్టర్ల మధ్య మాటగా ఉండాలి.

మందు పొరపాటున రక్తనాళంలోకి వెళితే పెదాల చుట్టూ తిమ్మిరి, నోట్లో ఇనుము రుచి, చెవుల్లో హోరు, ఇంకా ఎక్కువైతే ఫిట్స్ వస్తాయి. గుండె లయ కూడా తప్పవచ్చు. అందుకని ప్రతిసారీ వెనక్కి లాగి రక్తం రావడం లేదని చూసుకుని కొంచెం కొంచెంగా ఎక్కిస్తాం. ఈసీజీ, బీపీ, ఆక్సిజన్ మీటరు పెట్టే ఉంచుతాం. దానికి విరుగుడుగా 20 శాతం లిపిడ్ ఎమల్షన్ (నరంలోకి ఎక్కించే కొవ్వు ద్రవం) థియేటర్‌లో ఉండాలి. 'అది అందుబాటులో ఉందా' అని మీరు అడగవచ్చు. అడిగితే ఎవరూ తప్పుపట్టరు.

నాన్నగారు క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి రక్తం పల్చబడే మందులు వాడుతుంటే ముందే చెప్పండి. మీ అంతట మీరు ఆపవద్దు.

సిస్టర్ (కొరాపుట్)

నేను సర్జికల్ వార్డులో నర్సుని. డాక్టరు గారు చెప్పినదానికి వార్డు సంగతి కలుపుతాను, ఎందుకంటే బ్లాక్ బాగా పనిచేసిన వాళ్లే రెండోరోజు ఎక్కువ బాధపడటం చూస్తుంటాం.

ఒకసారి వేసిన బ్లాక్ మామూలుగా 6 నుంచి 12 గంటలు ఉంటుంది, కొందరికి ఇంకా ఎక్కువ. మధ్యాహ్నం ఆపరేషన్ అయిన మనిషి సాయంత్రం హాయిగా కూర్చుని ఇడ్లీ తింటాడు, ఊళ్లో వాళ్లకి ఫోన్లు చేస్తాడు. తొమ్మిదింటికి పారాసెటమాల్ ఇస్తే 'నొప్పే లేదు సిస్టర్, మాత్ర ఎందుకు' అంటాడు. పక్కనున్న ఆయన భార్య కూడా 'వద్దులెండి, మాత్రలు వేడి చేస్తాయి' అంటుంది. తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో బ్లాక్ దిగిపోతుంది. అప్పటికి ఒంట్లో ఏ మందూ లేదు. నొప్పి ఒక్కసారి పైకొచ్చేస్తుంది. మనిషి చెమటలు పట్టి, కాలు ముడుచుకుని, ఊపిరి కూడా పైపైనే తీసుకుంటాడు. అప్పుడు మాత్ర వేసినా పనిచేయడానికి అరగంట, గంట పడుతుంది. ఆ ఆదుర్దాలో ఇంటివాళ్లు బయట మందుల షాపుకి పరిగెత్తి ఏదో ఒక నొప్పి ఇంజెక్షన్ పట్టుకొస్తారు. కిడ్నీ మనిషికి జరగకూడనిది సరిగ్గా అదే.

కాబట్టి తమ్ముడూ, నొప్పి లేకపోయినా టైముకి పారాసెటమాల్ వేయించు. డాక్టరు రాసిన మోతాదే. మామూలు పెద్దవాళ్లకి రోజుకి 4 గ్రాములు పైహద్దు. సన్నగా ఉన్నవాళ్లకి, మద్యం అలవాటున్నవాళ్లకి, లివరు బాగాలేనివాళ్లకి అంతకంటే తక్కువ రాస్తారు. బ్లాక్ ఎన్నింటికి వేశారో చీటీ మీద రాయించుకుని మంచం దగ్గర పెట్టుకో. రాత్రి డ్యూటీ మారినప్పుడు కొత్త సిస్టర్‌కి అది చూపించు.

మొదటిసారి లేచేటప్పుడు ఇద్దరు పట్టుకోవాలి. తిన్నగా లేవనివ్వకు. ఎడమ పక్కకి తిరిగి, మోచేత్తో నెట్టుకుంటూ కాళ్లు కిందికి దించి, కాసేపు కూర్చున్నాక నిలబడాలి. దగ్గు వస్తే మడతపెట్టిన తువ్వాలు కోత మీద అరచేత్తో నొక్కి పట్టుకోవాలి. ఈ రెండూ ఆపరేషన్‌కి ముందే ఇంట్లో నేర్పించు, ఆ తర్వాత నొప్పిలో బుర్రకెక్కదు.

ఇంకోటి, 60 దాటిన మగవాళ్లకి స్పైనల్ తర్వాత మూత్రం ఆగిపోవడం మామూలు. పొత్తికడుపు నిండి లాగుతుంటే దాన్ని కోత నొప్పి అనుకుని మందులు అడుగుతారు. ఆరేడు గంటలైనా మూత్రం రాకపోతే సిస్టర్‌కి చెప్పాలి.

జీడితోట (పలాస)

సిస్టర్ గారు చెప్పిన మందుల షాపు సంగతి నిజం. మా వైపు స్ట్రిప్పుని కత్తిరించి రెండు మాత్రలు చేతిలో పెడతారు. పేరున్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. ఉద్దానం పల్లెల్లో ఒళ్లు నొప్పులకి ఇలా మాత్రలు మింగి మింగి పాడైపోయినవాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ రీసెర్చ్ సెంటరు, 200 పడకల ఆసుపత్రి తెరిచారు. మంచిదే. కానీ అక్కడిదాకా వెళ్లాల్సిన పని లేకుండా చూసుకోవడం మన చేతుల్లో కొంత ఉంది. పేరు కనిపించేలా స్ట్రిప్పు ఇవ్వకపోతే తీసుకోవద్దు. కాంబిఫ్లామ్‌లో ఐబుప్రొఫెన్ ఉంటుంది, జీరోడాల్ ఎసిక్లోఫెనాక్, వోవెరాన్ డైక్లోఫెనాక్. నేనైతే ఈ పేర్లు కాగితం మీద రాసి మా ఇంట్లో బీరువా తలుపుకి అంటించాను.

గుణుపురం పెద్దాయన

సిస్టర్ అమ్మ రాసింది చదివాక నాకు విషయం అర్థమైంది. కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్లకి ఈ బ్లాకే మేలు. ఒక ప్రశ్న. మా వాళ్లు విశాఖలో ఆపరేషన్ చేయించుకుని మర్నాడే గుణుపురం ప్యాసింజర్ ఎక్కుతారు. నౌపడ దాటి ఇంటికి వచ్చేసరికి చాలా సేపవుతుంది. దారిలో బ్లాక్ దిగిపోతే ఎలా?

సిస్టర్ (కొరాపుట్)

బాబుగారూ, డిశ్చార్జి చేసేముందు బ్లాక్ దిగిందో లేదో చూసే పంపమనండి. కోత చుట్టూ తడిపిన దూదితో తాకితే చల్లగా తెలుస్తోందా అని అడుగుతారు. తెలుస్తుంటే దిగినట్టే. కాలు బలంగా ఉందో లేదో నాలుగడుగులు నడిపించి చూడాలి. రైలెక్కడానికి గంట ముందు మాత్ర, వీలైతే కింది బెర్తు. ఆటోలో గుంతల రోడ్డు మీద మాత్రం తువ్వాలు నొక్కి పట్టుకోమనండి.

రాయగడ మాస్టారు

నా అనుభవం వేరే రకం. నాకు మెష్ ఆపరేషన్ అయ్యాక కోత మానిపోయింది గానీ నొప్పి పోలేదు. మంట, కరెంటు కొట్టినట్టు గజ్జ నుంచి తొడ లోపలికి, వృషణం దాకా. క్లాసులో బోర్డు వైపు తిరిగితే చాలు లాగేది. ప్యాంటు అంచు తగిలినా భరించలేకపోయేవాడిని. ఆపరేషన్ చేసిన చోట 'అంతా బాగానే ఉంది, మీ మనసులోనే ఉంది నొప్పి' అని పంపేశారు. ఆ మాట నొప్పి కంటే ఎక్కువ బాధపెట్టింది.

తర్వాత వేరేచోట పెయిన్ క్లినిక్‌లో చూపించాను. వాళ్లు ఇదే ఇలియోఇంగ్వైనల్ నరానికి చిన్న మోతాదులో బ్లాక్ వేశారు. కొన్ని నిమిషాల్లో మంట చల్లారిపోయింది. సాయంత్రానికి మళ్లీ వచ్చింది. నేను నిరుత్సాహపడితే ఆ డాక్టరు గారే చెప్పారు: 'ఏ నరం నుంచి నొప్పి వస్తోందో తేలింది, ఇదే మనకి కావలసింది.' తర్వాత స్టెరాయిడ్ కలిపి మళ్లీ వేశారు, రాత్రిపూట నరాల నొప్పికి వాడే ప్రెగాబాలిన్ ఇచ్చారు. ఇప్పుడు బాగా తగ్గింది. తమ్ముడూ, నాన్నగారికి మూడు నెలలు దాటినా మంటలా నొప్పి ఉంటే ఓర్చుకోమని చెప్పకు.

మత్తు డాక్టరు (బరంపురం)

మాస్టారూ, మీ నొప్పి నూటికి నూరుపాళ్లు నిజం. 2018లో వచ్చిన అంతర్జాతీయ హెర్నియా మార్గదర్శకాలు గజ్జ హెర్నియా చేయించుకున్నవాళ్లలో నూటికి 10 నుంచి 12 మందికి దీర్ఘకాలపు నొప్పి ఉంటుందని రాశాయి. రోజువారీ పనులకి అడ్డం వచ్చేంత, మూడు నెలలు దాటిన నొప్పిని అలా లెక్కిస్తారు. నరం మెష్‌లోనో కుట్టులోనో చిక్కుకోవడం, మచ్చ కణజాలంలో నలగడం కారణాలు. ఆపరేషన్ తర్వాత మొదటి రోజుల్లో నొప్పి విపరీతంగా ఉన్నవాళ్లలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. మందులకీ బ్లాకులకీ లొంగకపోతే రేడియోఫ్రీక్వెన్సీ (కరెంటు తరంగాలతో నరాన్ని శాంతపరిచే పద్ధతి) ఉంది. చివరి మాటగా ఆ నరాలనే కోసేసే ఆపరేషనూ ఉంది.

మహేంద్రతనయ తమ్ముడికి ఒక హెచ్చరిక. ప్రెగాబాలిన్, గాబాపెంటిన్ కిడ్నీ ద్వారానే బయటికి పోతాయి. మీ నాన్నగారికి ఎప్పుడైనా రాస్తే క్రియాటినిన్ చెప్పి మోతాదు తగ్గించమని అడగండి. లేకపోతే మగతగా పడి ఉంటారు.

చికిటి అమ్మ

డాక్టరు గారూ, మా బాబుకి మూడేళ్లు. వాడికీ హెర్నియా ఆపరేషన్ అన్నారు. పిల్లలకి కూడా ఇలా బ్లాక్ వేస్తారా? నాకు చాలా భయంగా ఉంది.

మత్తు డాక్టరు (బరంపురం)

వేస్తారమ్మా. పిల్లలకి మెష్ వేయరు, హెర్నియా తిత్తిని కట్టేసి తీసేస్తారు, చిన్న ఆపరేషన్. బాబు పూర్తిగా నిద్రపోయాకే బ్లాక్ వేస్తారు కాబట్టి సూది సంగతి వాడికి తెలియదు. పిర్రల మధ్య పైభాగంలో ఇచ్చే కాడల్ బ్లాక్ గానీ, ఈ గజ్జ నరాల బ్లాక్ గానీ. కాడల్ వేస్తే కొన్ని గంటలు కాళ్లు మెత్తగా ఉండవచ్చు. ఒళ్లోనే ఉంచుకోండి, నడిపించవద్దు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ఆపరేషన్ తేదీ రాకముందే ఆ ఉబ్బు గట్టిపడి లోపలికి పోకపోయినా, బాబు ఆగకుండా ఏడుస్తూ వాంతులు చేసుకున్నా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పెద్దవాళ్లకీ అంతే.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. ఆపరేషన్ నిన్న అయింది. సర్జన్ గారు, మత్తు డాక్టరు గారు మందు మొత్తం ఎంతో మా ఎదురుగానే లెక్క చూసుకున్నారు. స్పైనల్ ఇచ్చి, చివర్లో అల్ట్రాసౌండ్ పెట్టి బ్లాక్ వేశారు. చీటీ మీద టైము రాయించాను: మధ్యాహ్నం 1:20. సిస్టర్ గారు చెప్పినట్టే రాత్రి నాన్నగారు మాత్ర వద్దన్నారు. అమ్మే పట్టుబట్టి వేయించింది. అమ్మ ఈ చర్చ మొత్తం రెండుసార్లు చదివించుకుంది మరి.

తెల్లవారుజామున కోత దగ్గర సలపరం మొదలైందన్నారు. పదికి ఎంత అని సిస్టర్ అడిగితే నాలుగు అన్నారు. పారాసెటమాల్ సెలైన్ పెట్టారు, గంటలో రెండుకి వచ్చింది. లోపల లాగుతున్నట్టు మాత్రం ఉందంటున్నారు. కుడి మోకాలు కాస్త వణికింది గానీ ఇద్దరం పట్టుకున్నాం, ఉదయానికి సర్దుకుంది. ఈ లోపలి లాగుడు మామూలేనా డాక్టరు గారూ?

మత్తు డాక్టరు (బరంపురం)

సంతోషం తమ్ముడూ. ఆ లాగుడు మామూలే. ఈ బ్లాక్ పొట్ట గోడ నరాలకే పనిచేస్తుంది. లోపలి పొరని, వృషణానికి వెళ్లే తాడుని కదిపినందువల్ల వచ్చే లాగుడు దానికి పూర్తిగా లొంగదు. మూడు నాలుగు రోజుల్లో తగ్గుతుంది. పారాసెటమాల్ టైము ప్రకారం కొనసాగించండి. మోషన్ ఫ్రీగా అవ్వడానికి లాక్టులోజ్ లాంటిది రాయమని అడగండి. నీళ్లు ఎంత తాగాలో కిడ్నీ డాక్టరు చెప్పినంతే. వాపు పెరుగుతున్నా, కోత ఎర్రబడి జ్వరం వచ్చినా, వృషణం గట్టిపడి నొప్పి చేసినా వెంటనే చూపించండి. వారం లోపల క్రియాటినిన్ ఒకసారి మళ్లీ చేయించండి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అలాగే డాక్టరు గారూ. శుక్రవారం రక్తం ఇస్తాం, రిపోర్టు రాగానే ఇక్కడే పెడతాను. చికిటి అమ్మగారూ, బాబు ఆపరేషన్ ఎప్పుడో చెప్పండి. మేం పర్లాకిమిడిలోనే ఉంటాం, రక్తం గానీ మనిషి సాయం గానీ కావాలంటే మొహమాటపడవద్దు.